చెట్టెక్కేవాళ్ల సదస్సుకు వెళ్తున్నారా? బెజవాడ, గుంటూరు వాళ్లకు మొదటి నుంచి చివరిదాకా

మొదటిసారి వెళ్లిన సదస్సులో నేను రెండు రోజులూ ఏసీ హాల్లోనే కూర్చున్నాను. మెడలో బ్యాడ్జి, చేతిలో కొత్త నోట్‌బుక్కు, ముందు వరసలో కుర్చీ. తెర మీద గ్రాఫులు వస్తుంటే ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. రెండోరోజు సాయంత్రం టీ తాగుదామని బయటికొస్తే, హాలు వెనక పెద్ద చెట్టు కింద పదిమంది తాళ్లు చుట్టుకుంటున్నారు. పొద్దుటి నుంచి అక్కడే ఎక్కడం, దిగడం, కొమ్మ చివరిదాకా నడవడం, పైన చిక్కుకున్న మనిషిని దించడం, అన్నీ చేసి చూపించారట. నేను వెళ్లేసరికి సంచుల జిప్పులు వేస్తున్నారు.

గుంటూరులో చెట్ల పని చేయించే నాలాంటివాడికి ముందు కావలసింది ఆ చెట్టు నీడ. హాలు దండగని కాదు, దాని సంగతి కిందికి వచ్చాక చెబుతాను. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వెళ్లాను, మా కుర్రాళ్లను, ఓ పెద్దాయనను కూడా తీసుకెళ్లాను. చేసిన తప్పులు మీకు పనికొస్తాయని ఇది రాస్తున్నాను.

ఒక మాట. ఆర్బరిస్ట్ అంటే చెట్ల డాక్టరని పేపర్లవాళ్లు రాస్తుంటారు. నన్నడిగితే సగం డాక్టరు, సగం సర్కస్ మనిషి. వాళ్ల సదస్సు కూడా అలాగే సగం క్లాసురూము, సగం సర్కసు. మీకు ఏ సగం కావాలో ముందే తెలిస్తే డబ్బు వృథా కాదు.

1. ముందు ఏ సదస్సో తేల్చుకోండి

అన్నీ ఒకటి కాదు. పరిశోధనా పత్రాలు చదివేవి కొన్ని. యంత్రాలు, తాళ్లు అమ్మే ప్రదర్శనలు కొన్ని. చెట్టెక్కే పోటీలు పక్కనే జరిగేవి కొన్ని. ఈ రంగంలో పెద్ద సంస్థ ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బొరికల్చర్, పొట్టిగా ఐఎస్‌ఏ. 1924లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో నీడనిచ్చే చెట్ల గురించి కొందరు కూర్చుని మాట్లాడుకున్న సమావేశం నుంచి పుట్టింది. 1976లో సెయింట్ లూయిస్‌లో చెట్టెక్కే పోటీ మొదలుపెట్టారు. ఇప్పుడది అంతర్జాతీయ పోటీ. ఐరోపాలో, ఆసియా దేశాల్లో కూడా ఇలాంటి సభలు, పోటీలు జరుగుతుంటాయి.

మొదటిసారికే విదేశం అవసరం లేదు. వీసా టెన్షన్, టికెట్ ఖర్చు, తెలియని తిండి, వీటి మధ్య సగం బుర్రకెక్కదు. మన దేశంలో ఉద్యానశాఖలో, విశ్వవిద్యాలయాలో, నగరపాలక సంస్థలో పెట్టే రెండురోజుల కార్యశాలతో మొదలుపెట్టండి. గుంటూరు పక్కనే లాంలో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది కాబట్టి అక్కడ చదివే కుర్రాళ్లెవరితోనైనా పరిచయం పెట్టుకోండి. ఏ ఊళ్లో ఏ కార్యశాల జరుగుతుందో మనకన్నా వాళ్లకే ముందు తెలుస్తుంది.

కార్యక్రమ పట్టిక చేతికొచ్చాక ఉపన్యాసాల పేర్లు చదవకండి. ముందు డెమో, ఫీల్డ్ డే, వర్క్‌షాప్, క్లైంబింగ్ అన్న మాటలు ఎక్కడున్నాయో వెతకండి. అవి ఒక్కటీ లేకపోతే, పని చేసేవాళ్లకు అక్కడ పెద్దగా పనిలేదు. ఉంటే నిర్వాహకులకు మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి: వచ్చినవాళ్లను చెట్టెక్కనిస్తారా, చూడటం వరకేనా? హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు), హెల్మెట్ వాళ్లిస్తారా, మనమే తెచ్చుకోవాలా? దెబ్బ తగిలితే బీమా ఎవరిది? మూడోదానికి జవాబు రాకపోతే రెండుసార్లు అడగండి.

2. ఎవరు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లాలి

మన దగ్గర ఇలాంటివాటికి యజమాని వెళ్తాడు, సర్టిఫికెట్ తెచ్చి గోడకు తగిలిస్తాడు. చెట్టెక్కేవాడు మాత్రం మర్నాడు కూడా అదే ప్లాస్టిక్ తాడుతో ఎక్కుతాడు. నేనూ ఆ బాపతే, మొదటి ఏడాది.

కనీసం ఇద్దరు వెళ్లండి. ఒకరు ఎక్కేవాళ్లు, ఒకరు కింద తాడు పట్టుకునేవాళ్లు. పైవాడి ప్రాణం కిందివాడి చేతిలో ఉంటుంది కాబట్టి నేర్చుకునేది ఇద్దరూ కలిసే నేర్చుకోవాలి. ఒకరికి ఇంగ్లిషో హిందీనో వస్తే చాలు. కూలి మీద బతికే మనిషిని తీసుకెళ్తే ఆ రోజుల కూలి ఇవ్వండి, ఇస్తామని ముందే చెప్పండి. ‘నేర్పించడానికి తీసుకెళ్తున్నాం కదా, మళ్లీ కూలి ఎందుకు’ అనుకుంటే అతను వస్తాడు గానీ మనసు ఇంటి దగ్గరే ఉంటుంది.

కార్పొరేషన్లోనో, పంచాయతీలోనో పనిచేసేవాళ్లు అనుమతి కాగితం చేతికొచ్చేదాకా టికెట్ కొనకండి. నోటిమాట మీద బయల్దేరితే ఆ ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

సమయం కూడా చూసుకోవాలి. మనకు ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు కొట్టే పని ఊపిరాడనివ్వదు. ఈదురుగాలులు రాకముందే కరెంటు తీగల దగ్గర కొమ్మలు తీయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వారంలో మీ దగ్గర ఎక్కే మనుషులిద్దరూ వేరే రాష్ట్రంలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. జనవరి, ఫిబ్రవరి, లేదా జులై, ఆగస్టుల్లో జరిగే సభలు మనకు అనువు.

ముందుగా డబ్బు కట్టినవాళ్లకు ఫీజు తగ్గిస్తారు, దాన్నే ఎర్లీ బర్డ్ అంటారు. గడువు తేదీని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి పెట్టుకోండి.

3. జేబులో ఒక చెట్టు పెట్టుకుని వెళ్లండి

ఈ వ్యాసంలో ఒక్క అంశమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఉత్త చేతులతో వెళ్తే వందమంది వంద చెబుతారు, ఒక్కటీ నిలవదు. మీకు నిద్రపట్టనివ్వని చెట్టు ఒకటి ఉంటుంది. దాన్ని తీసుకెళ్లండి.

రెండోసారి వెళ్లినప్పుడు నేను తీసుకెళ్లింది బ్రాడీపేటలో ఒక ఇంటి ముందున్న నిద్రగన్నేరును. వీధికి అటు సగం, ఇటు సగం గొడుగు పట్టినట్టు ఉంటుంది. ఇంటాయనకు అది మేడ మీద పడుతుందేమోనని భయం. మోడు కొట్టేయమంటాడు. ఎదురింటావిడకు అదే నీడ. కొట్టనివ్వనంటుంది. ఒక పెద్ద కొమ్మకు ఎప్పుడో ఎవరో కొట్టిన పాత గాయం, దాంట్లో తొర్ర, తొర్రలో ఎవరో పోసిన సిమెంటు.

మీ చెట్టుకు ఒక ఫైలు తయారు చేయండి. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు, పక్కన మనిషిని నిలబెట్టి తీస్తే ఎత్తు అంచనా తెలుస్తుంది. మొదలు దగ్గర నేల ఎలా ఉందో దగ్గరి నుంచి ఒకటి: సిమెంటు చేశారా, కాలువ తవ్వి వేళ్లు నరికారా, పుట్టగొడుగులు లేచాయా? పాత గాయాలు, తొర్రలు, పగుళ్లు. తీగలు ఎంత దూరంలో ఉన్నాయో కనిపించేలా ఇంకోటి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో దర్జీ టేపుతో కాండం చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. అక్కడివాళ్లు ముందడిగేది ఈ అంకెనే.

చెట్టు పేరు శాస్త్రీయంగా రాసుకోండి. నిద్రగన్నేరు అంటే మన జిల్లా దాటితే ఎవరికీ తెలియదు. మనలోనే కొందరు దాన్ని దిరిసెనతో కలిపేస్తారు. సమానియా సమాన్ అంటే ఏ దేశంవాడైనా తలూపుతాడు. వేపకు అజాడిరక్టా ఇండికా, రావికి ఫైకస్ రెలిజియోసా, తురాయికి డెలోనిక్స్ రీజియా, కానుగకు పొంగామియా పిన్నాటా. వేపల కొమ్మలు చివరి నుంచి ఎండిపోయే జబ్బు గురించి అడగదలచినవాళ్లు ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే బూజు పేరు, టీ దోమ పేరు కూడా రాసుకోండి. మన దగ్గర ఆ గొడవలో ఈ రెండింటి మాటా వస్తుంటుంది.

4. ముడులు ఇంటి దగ్గరే నేర్చుకోండి

అక్కడ వర్క్‌షాప్‌లో ముడి వేయడం మొదటిసారి నేర్చుకునేవాడు ముడి దగ్గరే ఆగిపోతాడు. వేయడం వచ్చినవాడు దాని వెనక సంగతి నేర్చుకుంటాడు.

మనకు చెట్టెక్కే విద్య లేక కాదు. తాటిచెట్టు మీదికి మోకుతో ఎక్కే గీత కార్మికుడి ఒడుపు ఎక్కడా చూడలేదు. కాకపోతే మోకు కొమ్మల్లేని చెట్టు కోసం పుట్టింది. కాండాన్ని, నడుమును కలిపి చుట్టుకుని పోవడమే దాని పని. ఊళ్లో మనల్ని ఏడిపించేవి కొమ్మలున్న చెట్లు. నిద్రగన్నేరు కాండాన్ని నలుగురు చేతులు కలిపినా చుట్టలేరు, పైగా ప్రతి పంగ దగ్గరా మోకు విప్పి మళ్లీ కట్టుకోవాలి. విప్పిన ఆ క్షణమే ప్రమాదం. అందుకే ఆర్బరిస్టులు కింద నుంచే సన్నదారం పై పంగలోకి విసిరి, దాంతో లావుతాడు లాగి, తాడు మీద ఎక్కుతారు. తాడు పంగలోంచి జరుగుతూ ఉంటే ఒక పద్ధతి, తాడు కదలకుండా ఉండి మనిషే దాని మీద పోతే ఇంకో పద్ధతి. అక్కడ ఎమ్మారెస్, ఎస్సారెస్ అనే మాటలు వినబడితే ఈ రెండే అని అర్థం చేసుకోండి.

దీనికంతటికీ మూలం పట్టు ముడి, అంటే తాడును కరిచి పట్టుకునే ముడి. ఇంటి దగ్గర కిటికీ ఊచకు లావుతాడు వేలాడదీసి ప్రూసిక్ ముడితో మొదలుపెట్టండి. 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు దీన్ని లోకానికి చెప్పాడు. సన్నతాడు రెండు కొసలూ కలిపి గట్టిగా కట్టి ఒక రింగు చేయండి. ఆ రింగును లావుతాడు వెనక్కి పెట్టి, ఒక చివరను రెండో చివరలోంచి తీస్తూ తాడు చుట్టూ తిప్పండి, మొత్తం మూడుసార్లు. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా గాజుల్లా పక్కపక్కనే కూర్చోవాలి. ఇప్పుడు ముడిని గుప్పిట్లో పట్టుకుని పైకి తోయండి, జరుగుతుంది. వదిలేసి రింగును కిందికి గుంజండి, కరుచుకుంటుంది. చుట్లు గజిబిజిగా ఉంటే ఒక్కోసారి కరుస్తుంది, ఒక్కోసారి జారుతుంది. ఆ తేడా మీ వేళ్లకు తెలిసేదాకా, నేల మీదే, ఓ వంద సార్లు వేయండి. ఆ తర్వాత బ్లేక్స్ హిచ్ అనే ఇంకో పట్టు ముడి. ఇదంతా చదివి చెట్టెక్కొద్దు. నేర్పేవాళ్లు పక్కన లేకుండా పాదం నేల విడవకూడదు.

ఇంకొకటి. పట్నంబజారులో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ తాడుతో ఈ ముడులు సాధన చేసి అదే పట్టుకెళ్లకండి. ఆ రకం తాళ్లు చాలావరకు పాలీప్రొపిలీన్. 165 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ముడి జారి రాసుకుంటే ఆ వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు.

5. సంచి సర్దడం

సొంత సామాను ఉంటే తీసుకెళ్లండి, కానీ లేబుళ్లు చెరిగిపోనివే. ఎక్కనిచ్చే చోట ప్రతి వస్తువునూ పట్టి చూస్తారు. ఎంత బరువుకు ఆగుతుందో ముద్ర లేని కొక్కెం, కుట్టు లేచిన హార్నెస్, పగులున్న హెల్మెట్ పక్కన పెట్టేస్తారు. అవమానం అనుకోవద్దు. మా మేస్త్రికి కోపమొచ్చింది, “పదేళ్ల నుంచి దీంతోనే ఎక్కుతున్నా” అన్నాడు. తనిఖీ చేస్తున్న కుర్రాడు హార్నెస్ పట్టీని వేళ్లతో మడిచి పట్టుకుంటే లోపలి దారాలు పొట్టులా రాలాయి. మేస్త్రి మారు మాట్లాడలేదు.

విమానమైతే రంపం, కత్తెరలు చెకిన్ సామానులో వేయాలి. పెట్రోలు వాసన ఉన్న చైన్‌సా గన్నవరంలోనే ఆగిపోతుంది. బ్యాటరీ చైన్‌సా బ్యాటరీ 160 వాట్ అవర్లు దాటితే ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు. పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. రైల్లోనూ పెట్రోలు డబ్బా నిషేధం. అసలు చైన్‌సా ఎందుకండీ, అక్కడ ఎవరూ మిమ్మల్ని కొయ్యమనరు. చెన్నై వైపైతే పొద్దున్నే విజయవాడలో పినాకిని, బెంగళూరు వైపైతే గుంటూరు మీదుగా పోయే ప్రశాంతి ఉన్నాయి. ప్రశాంతిలోనైతే తాళ్ల సంచిని బెర్తు కింద పెట్టి పడుకోవచ్చు.

ఫుల్ ప్యాంటు, పాదానికి పట్టే బూట్లు, హాల్లోకి ఒక శాలువా. ఒక చిన్న సీసా గోంగూర పచ్చడి కూడా, మూత మీద రెండు పొరల టేపు వేసి. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సీసా తీస్తే అయిన పరిచయాలు విజిటింగ్ కార్డులు పంచినా కాలేదు.

6. హాల్లో కూర్చునే సగం

మొదటిరోజు అరగంట ముందే వెళ్లి బ్యాడ్జి తీసుకోండి. హాలు, చెట్ల ప్రాంగణం, మంచినీళ్లు ఎక్కడున్నాయో ఒకసారి తిరిగి చూడండి. తర్వాత పట్టిక మీద నిర్దయగా గీతలు కొట్టండి. స్వాగతోపన్యాసాలు, విధానాల మీద చర్చలు, వందన సమర్పణలు వదిలేయొచ్చు. కొమ్మల కత్తిరింపు, కుళ్లు, ప్రమాదపు అంచనా, వేళ్లు, నేల – ఈ మాటలున్నవి వదలకండి.

ఇంగ్లిష్ వేగంగా పోతుంది. అర్థం కాని మాటను వినబడినట్టే తెలుగు అక్షరాల్లో రాసుకోండి, టీ విరామంలో ఎవరినైనా అడగండి. సిగ్గుపడి ఊరుకున్న మాటలే తర్వాత మనల్ని తిప్పలు పెడతాయి.

నా పని పద్ధతిని మార్చింది హాల్లో విన్న ఒక్క సంగతి. అలెక్స్ షైగో అని అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త వేల చెట్లను చైన్‌సాతో నిలువునా చీల్చి చూశాడు. ఆయన తేల్చిందేమిటంటే, మనకు పుండు మానినట్టు చెట్టుకు గాయం మానదు. పాడైన చెక్క మళ్లీ బాగుపడదు. చెట్టు దాని చుట్టూ గోడలు కట్టి, కుళ్లును అక్కడే బంధించి, కొత్త చెక్కను బయట పేర్చుకుంటూ పోతుంది. దీన్ని కోడిట్ అంటారు. 1970ల్లో రాసినది, ఇప్పటికీ ప్రతి సదస్సులో ఎవరో ఒకరు ఎత్తుతారు.

అది విన్నప్పుడు నాకు బ్రాడీపేట తొర్రలోని సిమెంటు కళ్ల ముందు కదిలింది. తొర్ర తోమి సిమెంటు పోసినవాడు చెట్టు కట్టుకున్న గోడనే గోకేశాడు. కోసిన చోట తారు పూయడం కూడా అంతే, కుళ్లును ఆపదు. బత్తాయి తోటలో బంక తెగులుకు బోర్డో పేస్టు రాయడం వేరే సంగతి, అది తెగులు మందు. దాన్ని దీన్ని కలపకండి. కొమ్మ మొదట్లో కాండంతో కలిసేచోట మెడలా ఒక ఉబ్బు ఉంటుంది. చెట్టు గోడ కట్టే సరంజామా అక్కడే ఉంటుంది. కోత ఆ ఉబ్బును ముట్టుకోకుండా దానికి ఆనుకుని బయట పడాలి. నున్నగా ఉండాలని కాండానికి సమానంగా కోస్తే గోడ పోతుంది. మోడు కొడితే ప్రతి కొసా ఒక తెరిచిన తలుపే.

7. చెట్టు కింద సగం

పోటీలుంటే పొద్దున్నే వెళ్లి గిరిగీసిన టేపు బయట మంచి చోటు పట్టుకోండి. హెల్మెట్ లేకుండా టేపు దాటకండి, పైనుంచి ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. సంప్రదాయంగా అయిదు అంశాలు: దారం విసరడం, తాడు మీద పైకి పోవడం, వేగంగా ఎక్కడం, పని చేస్తూ చెట్టంతా తిరగడం, పైన చిక్కుకున్న మనిషిని దించడం. వీటిలో పైకొచ్చినవాళ్లకు చివర్లో మాస్టర్స్ చాలెంజ్ ఉంటుంది.

వేగంగా ఎక్కడం చూడటానికి బాగుంటుంది, మనకు దాంతో పనిలేదు. చూడాల్సింది చెట్టంతా తిరిగే అంశం. అక్కడక్కడా గంటలు కట్టి ఉంటాయి. ఒకదాన్ని చేతిరంపంతో, ఒకదాన్ని కర్ర రంపంతో తాకాలి. ఇంకోచోట కొమ్మ మీద నడిచి చివరున్న గంట కొట్టాలి. ఆ కొమ్మ మీద ఎక్కువ బరువు పడితే తెలిసేలా బజరో, వేలాడే గుండో పెడతారు. మనిషి నడిచేది కొమ్మ మీదే, బరువు మాత్రం తాడు మీద. మా పెద్దాయన, తాటిచెట్లెక్కి తల నెరిసినవాడు, చేతులు వెనక్కి కట్టుకుని అరగంట కదలకుండా చూశాడు.

“ఏం బాబాయ్, ఎలా ఉంది?” అన్నాను.

“మన మోకేరా అబ్బాయ్. మనం నడుముకు కడతాం, వీడు ఆకాశానికి కట్టాడు” అన్నాడు.

మనిషిని దించే అంశాన్ని రెండుసార్లు చూడండి, మొదటిసారి కళ్లతో, రెండోసారి ఫోన్లో రికార్డు చేస్తూ. పైన బొమ్మ వేలాడుతూ ఉంటుంది. పోటీదారు పరుగెత్తి ఎక్కేయడు. ముందు కిందే నిలబడి పేరు పెట్టి కేకేస్తాడు. చుట్టూ చూస్తాడు, తీగలున్నాయా, విరిగి వేలాడే కొమ్మ ఉందా అని. అంబులెన్సుకు చెప్పమని ఒకరిని వేలు చూపించి పంపిస్తాడు. తాళ్లను లాగి చూస్తాడు. అప్పుడు ఎక్కుతాడు. మొదట బొమ్మతో మాట్లాడతాడు, తర్వాత తన తాడుకు తగిలించుకుంటాడు, ఆ తర్వాతే కిందికి. ఇదంతా కొద్ది నిమిషాల గడువులో.

అది చూశాక మాలో మేం మాట్లాడుకోలేదు కాసేపు. గుంటూరులో మా కుర్రాడు యాభై అడుగుల ఎత్తులో స్పృహ తప్పితే 108కి ఫోన్ చేస్తాం. అంబులెన్సు వచ్చి కింద ఆగుతుంది. పైనుంచి దించేదెవరు? బెల్టుకు కదలకుండా వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, ఎక్కువసేపు ఆగే వ్యవధి ఉండదు. ఆ రోజు నుంచి మా దగ్గర ఒక నియమం: ఎక్కగలిగినవాళ్లు ఇద్దరుంటేనే ఒకరు ఎక్కాలి, రెండో తాడు కింద సిద్ధంగా ఉండాలి.

పోటీ అయ్యాక పోటీదారులు తాళ్లు చుట్టుకునే సమయమే ప్రశ్నల సమయం. ముందు మాట్లాడకండి, ఫొటో చూపించండి. నా నిద్రగన్నేరు ఫొటో చూడగానే ఒకాయన తాడు పక్కన పడేసి నేల మీద కూర్చున్నాడు. పది నిమిషాలు మాట్లాడాడు. మొదలు దగ్గరి ఫొటో పెద్దది చేసి చూసి, “వేళ్ల మీద సిమెంటు ఎప్పుడు వేశారు?” అని అడిగాడు. అంతదాకా నేను పైకే చూస్తున్నాను.

8. స్టాళ్ల దగ్గర చేతులు కట్టుకోండి

మొదటిరోజు ఏమీ కొనకండి. చేత్తో పట్టుకుని చూడండి, ధరలు రాసుకోండి. చివరిరోజు మధ్యాహ్నం తర్వాత స్టాలువాళ్లు సామాను తిరిగి మోసుకెళ్లడం ఇష్టం లేక కాస్త దిగుతారు.

కొనే వరుస కూడా ముఖ్యం. గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్, హార్నెస్, తాడు, ఆ తర్వాతే తళతళలాడే కప్పీలు. అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉపయోగం విసిరే దారం, దాని కొసకు కట్టే గుళ్ల సంచి. ఆ సంచి సుమారు 200 నుంచి 400 గ్రాముల బరువుంటుంది. మేం రాయి కట్టి విసిరేవాళ్లం, ఒకసారి పక్కింటి కిటికీ అద్దం సమర్పించుకున్నాం. కొక్కెం మీద ఎంత బరువుకు ఆగుతుందో చెప్పే కిలోన్యూటన్ల అంకె చెక్కి ఉందో లేదో చూడండి, స్టిక్కర్ అయితే వద్దు. కాళ్లకు కట్టుకునే ఇనుప ముళ్లు చూసి ముచ్చటపడకండి. బతికే చెట్టును కత్తిరించడానికి వాటితో ఎక్కితే ప్రతి అడుగూ ఒక గాయం. అవి కొట్టేయబోయే చెట్టుకే.

9. తిరిగొచ్చాక పదిరోజుల్లో

పదిరోజులు దాటితే సంచిలో కాగితాలు సంచిలోనే ఉంటాయి. వచ్చిన మొదటి ఆదివారమే మిగతావాళ్లను పిలిచి, టీ తెప్పించి, రికార్డు చేసినవి చూపించండి. మాట్లాడేది మీరు కాదు, మీతో వచ్చిన ఎక్కే మనిషి. ఆయన చెబితే వింటారు.

ఒకేసారి అన్నీ మార్చకండి. మేం మొదట మార్చింది కోత ఒక్కటే. పెద్ద కొమ్మకు మొదటి కోత కాండానికి అడుగున్నర దూరంలో కింద నుంచి పావు వంతు. రెండోది దానికి కాస్త బయటగా పైనుంచి, కొమ్మ తెగిపడుతుంది. మూడోది మిగిలిన మొద్దుకు, ఉబ్బును ఆనుకుని. కింది కోత మానేస్తే కొమ్మ పడుతూ బెరడును చీల్చుకుని కాండం మీదికి దిగుతుంది. అలాంటి చీలికలు గుంటూరులో ఏ వీధికి వెళ్లినా చూపిస్తాను.

అక్కడ విన్న లెక్కలను ఇక్కడి కాగితాలతో కలపడం మర్చిపోకండి. చెట్టు కొట్టేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. తీగల దగ్గరైతే లైన్‌మన్‌తో ఎల్‌సీ, అంటే సరఫరా ఆపినట్టు లైన్ క్లియర్, తీసుకోకుండా ఎక్కొద్దు. కరెంటు పనిలో ప్రత్యేక శిక్షణ లేనివాళ్లు మామూలు వీధి తీగలకు కూడా కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలని చెట్ల పనిలో భద్రతకు అమెరికా పెట్టుకున్న ప్రమాణం జెడ్133 చెబుతుంది. మన వీధుల్లో ఆ 10 అడుగులు దొరకడమే గగనం కాబట్టి సరఫరా ఆపించడమే దారి.

ఇదే వృత్తిగా పోదామనుకునేవాళ్లు హాజరు పత్రాలు దాచుకోండి. ఐఎస్‌ఏ సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ పరీక్ష రాయడానికి మామూలుగా మూడేళ్ల పని అనుభవం అడుగుతారు, ప్రశ్నలు 200. పాసయ్యాక ప్రతి మూడేళ్లకు 30 సీఈయూలు (నేర్చుకుంటూనే ఉన్నామని చూపే పాయింట్లు) చూపించి కొనసాగించుకోవాలి. సదస్సుల్లో కూర్చున్న గంటలు వాటికిందికి వస్తాయి.

ఇక బ్రాడీపేట చెట్టు. ముందు ఇంటాయనను ఒప్పించి మొదలు చుట్టూ ఉన్న సిమెంటు పగలగొట్టించాం, రెండు మీటర్ల మేర. తర్వాత సరఫరా ఆపించి, మా మేస్త్రీ, ఇంకో కుర్రాడూ రెండు తాళ్లతో ఎక్కారు. ఎండుకొమ్మలు తీశారు. తొర్ర ఉన్న కొమ్మను మొదట్లో కొట్టకుండా, చివర బరువు తగ్గేలా చిన్న కొమ్మలు నాలుగైదు వెనక్కి తీశారు. సాయంత్రానికి దిగారు. ఎదురింటావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది, నీడ ఎక్కడికీ పోలేదు.

ఇంటాయన బయటికొచ్చి, చేయి అడ్డంపెట్టుకుని పైకి చాలాసేపు చూశాడు.

“పొద్దుటి నుంచీ ఏం కొట్టారండీ? కొట్టినట్టే లేదు” అన్నాడు.

మా మేస్త్రి నావైపు చూసి నవ్వాడు. మాట్లాడుకున్న దాంట్లో ఇంటాయన రెండొందలు తగ్గించి ఇచ్చాడు.